గ్రాఫ్ పాడుచేసిన సీసా

మూత్రాశయ క్యాన్సర్ తొలి ఆనవాళ్లు జన్యువుల మీది రసాయన గుర్తుల్లో దొరుకుతాయని ప్రొఫెసర్ వాదన. పోల్చి చూడడానికి ల్యాబ్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లంతా తలా ఓ సీసా మూత్రం ఇచ్చారు. సీసాల మీద నంబర్లే ఉన్నాయి. ఏది ఎవరిదో, పీహెచ్‌డీ అయ్యాక అక్కడ పరిశోధన చేస్తున్న పోస్ట్‌డాక్ అమ్మాయికే తెలుసు.

ఏడో సీసాలో అచ్చంగా రోగుల గుర్తులే కనిపించాయి.

"జర్నల్‌కి పేపర్ పంపే ముందు ఇదేం గోల? తీసి పారెయ్," అన్నాడు ప్రొఫెసర్.

"మళ్లీ చేసినా అంతే వచ్చింది సార్."

"గ్రాఫ్ పాడవుతోంది తల్లీ! ఎవడో ఒక్కడిది పోతే కొంపలేం మునగవు."

"అది మీదే సార్."

ప్రొఫెసర్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్. వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి."

"డాక్టర్ సంగతి తర్వాత చూద్దాం. జర్నల్ వాళ్లకి మాత్రం తెలియనివ్వకు."