లెక్కలో లేని బొమ్మ

"చెయ్యి తియ్యి మావా. నీ దళం పారిపోయింది," అన్నాడు వరుణ్.

ఆ పెద్దమనిషి చెయ్యి తియ్యలేదు. బల్ల మీద వేలెడెత్తు సైనికుల బొమ్మల వరుసకు ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆయన పేరు కూర్మారావు. ఆడుతున్న కుర్రాళ్లెవరూ అడగలేదు.

అక్కుపల్లి బస్సు కోసం వచ్చి, వాన పట్టుకుంటే, పలాసలో ఆ జీడిపప్పు కొట్టు చూరు కింద నిలబడ్డాడు. కుడిచెయ్యి తువ్వాలులో చుట్టి ఉంది. మేడ మీద స్నేహితుల ఆటకు ఒక మనిషి తక్కువైతే, కొట్టు వాళ్లబ్బాయి గౌతమే ఆయన్ని పైకి పిలిచాడు.

ఆ ఆటంటే గౌతమ్‌కు ప్రాణం. ఎప్పటివో యూరప్ యుద్ధాలు. ఆ కాలపు సైనికులు దాక్కునేవారు కాదు. భుజాలు ఆనించుకుని వరుసకట్టి, ఎదుటి వరుస తుపాకులు పేలుస్తుంటే అలాగే నిలబడేవారు. ఇప్పటి యుద్ధాల కోసం ఎవరో రాసిన ఆట నియమాలను ఆ కాలానికి తగ్గట్టు మార్చి రాస్తున్నాడు గౌతమ్. వచ్చే ఆదివారం విశాఖలో ఇలాంటి ఆటలాడేవాళ్లంతా కలుస్తారు. అక్కడ తన నియమాలతో ఆడించి చూపిస్తానని గొప్పగా చెప్పేసుకున్నాడు.

తీరా చూస్తే, ఏ యుద్ధమూ టీ చల్లారేదాకా సాగడం లేదు.

మూడోవంతు బొమ్మలు పడిపోతే పాచిక వెయ్యాలి. చిన్న అంకె పడితే వరుస మొత్తం పారిపోయినట్టు. ఎన్నిసార్లు ఆడినా ఎవరో ఒకరి వరుస ఇట్టే పారిపోతోంది. ఈ ఆట పట్టుకుని విశాఖ వెళ్తే నవ్వి పంపిస్తారు.

గౌతమ్ తల్లి సరస్వతి ఈ బొమ్మల వరుసలను చూసినప్పుడల్లా తన వరుస కథ ఎత్తుకునేది. పుట్టింటి ఊళ్లో, నీళ్లు నిలిచే బీల భూమిని ఏదో కంపెనీ తీసుకోబోతే, ఆడా మగా చేతులు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారట. చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. గౌతమ్ వినడం ఎప్పుడో మానేశాడు.

"రెండు పడింది మావా. ఓడిపోతే ఒప్పుకోవాలి," అన్నాడు గౌతమ్.

"ఓడిపోతే ఒప్పుకుంటాను. ఓడిపోనేదు. ఇదిగో, వాయించేవోడు నిలబడే ఉన్నాడు."

వరుస చివర, మెడలో డోలుతో ఒక బొమ్మ.

వరుణ్ నవ్వాడు. అది అందానికి పెట్టిన బొమ్మేననీ, చేతిలో తుపాకీ లేనివాడు లెక్కలోకి రాడనీ, నియమాల పుస్తకంలోనే అలా ఉందనీ చెప్పాడు.

"ఆ పుస్తకం రాసినోడు ఎప్పుడైనా వరసలో నిలబడ్డాడేటి?"

గౌతమ్‌కు ఒళ్లు మండింది. దారిన పోయే మనిషికి కుర్చీ వేస్తే తన నియమాలకే వంక పెడుతున్నాడు. పైగా ఎడమచేతి వేళ్లతో బల్ల మీద ఒకటే చప్పుడు. రెండు దెబ్బలు, ఒక ఖాళీ. మళ్లీ రెండు దెబ్బలు, ఒక ఖాళీ.

"వాన తగ్గింది మావా. బస్సు ఎల్లిపోద్ది."

పొమ్మనడానికి ఇంతకంటే మర్యాదైన మాట గౌతమ్‌కు దొరకలేదు.

కూర్మారావు లేచాడు. చిన్నబుచ్చుకోలేదు, తల దించుకోనూలేదు. డోలు బొమ్మను తీసి వరుస నట్టనడుమ నిలబెట్టాడు.

"నానెల్తాను. ఈడు ఎల్లడు," అని మెట్లు దిగిపోయాడు.

మిగిలినవాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి వరుణ్ వరుస పారిపోయింది. విసుగెత్తి, ఆ ముసలాయన పంతమేదో అదే ఆడి చూద్దామన్నాడు వరుణ్. డోలు వాయించేవాడు నిలబడి ఉన్నంతసేపూ పాచిక వెయ్యక్కర్లేదు, వరుస కదలదు. అంతే.

ఆట మారిపోయింది.

సగం బొమ్మలు పడినా వరుస నిలబడింది. డోలువాణ్ణి పడగొట్టాలని ఒకరు, కాపాడుకోవాలని ఇంకొకరు కుర్చీల్లోంచి లేచిపోయారు. చీకటి పడేవేళకు గాని యుద్ధం తేలలేదు. ఏ పుస్తకంలోనూ లేని ఆ నియమాన్ని గౌతమ్ తన నియమాలన్నిటికంటే పైన రాసుకున్నాడు. విశాఖలో ఎవరు కాదన్నా తీసేది లేదనుకున్నాడు. ఆ సంతోషంలో తనకు తెలియకుండానే బల్ల మీద వాయించసాగాడు. రెండు దెబ్బలు, ఒక ఖాళీ.

పకోడీల పళ్లెంతో వచ్చిన సరస్వతి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆ దెబ్బ నీకెవులు నేర్పారు?"

ఎవరో దారిన పోయే మనిషని చెప్పాడు గౌతమ్. కుడిచెయ్యి తువ్వాలులో చుట్టుకుని ఉన్నాడనీ, పేరు అడగలేదనీ, వాన తగ్గగానే తనే పంపేశాననీ చెప్పాడు.

సరస్వతి పళ్లెం కింద పెట్టి వరండాలోకి పరుగెత్తింది. కింద రోడ్డు తడిగా, ఖాళీగా ఉంది. అక్కుపల్లి బస్సు వెళ్లి చాలాసేపైంది.

"ఎవరమ్మా ఆయన?"

"పేరు నాకూ తెల్దురా. మా వరసలో తప్పెట ఆయనదే. కంపెనీవోళ్లు పదిమందిని పడగొట్టినా మేం కదలనేదు, బీల ఇవాల్టికీ మాదే," అంది. కళ్ల నీళ్లు తుడుచుకోలేదు.

బల్ల మీద వరుస నడుమ డోలు బొమ్మ ఇంకా నిలబడే ఉంది. గౌతమ్ దాని వంక చూడలేకపోయాడు.

"నువ్వు వాయించినదాంట్లో ఆ ఖాళీ ఉంది సూసేవా, అది కుడిచేతి దెబ్బ పడాల్సిన సోటురా, కర్రలతో ఆ చెయ్యి ఇరగ్గొట్టినా ఆపకుండా ఒంటిచేత్తో వాయించి, నిన్ను సంకనెత్తుకున్న నన్ను ఎనక్కి ఒక్క అడుగు ఎయ్యనియ్యనిది ఆయనే."