మబ్బు పట్టిన రోజున

కారు మళ్ళీ అందుకోలేదు.

తాళం తిప్పితే గరగరమంటోంది. ఇంజను దగ్గి ఊరుకుంటోంది. ముందు సీట్లో మామగారు, వెనక సీట్లో బడి సంచీతో మనవరాలు, గుమ్మంలో ఒక చెవికే కమ్మ పెట్టుకున్న కోడలు.

"ఇవాళ కూడానా మామయ్యగారూ?"

"నన్నేం చెయ్యమంటావమ్మా. దానికి బుద్ధి పుట్టాలిగా."

కోడలు పిల్లని రెక్క పట్టుకుని దింపింది. బడి ఒక దిక్కు, ఆఫీసు ఇంకో దిక్కు. పిల్లని మామగారు దింపుతారన్న ధైర్యంతోనే ఆవిడ ఉద్యోగంలో చేరింది. ఆ రోజు ఆఫీసులో పెద్ద మేడమ్ నవ్వుతూనే చెప్పింది, ఇంకోసారి ఆలస్యమైతే ఇక ఇంట్లోనే హాయిగా ఉండొచ్చని.

ఆదివారం ఎండెక్కాక మెకానిక్ వచ్చాడు. తాళం అలా తిప్పాడో లేదో, కారు అత్తారింట్లో కొత్తల్లుడిలా బుద్ధిగా పలికింది. ప్రతిసారీ ఇదే తంతు. బ్యాటరీ మార్చాడు, ప్లగ్గులు తుడిచాడు. వచ్చినప్పుడల్లా, ఇది లేనిదే ఇంజను అందుకోదంటూ పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, వెలుగులోకి ఎత్తి చూసి, "భేషుగ్గా ఉంది" అని మళ్ళీ దూర్చాడు.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. బాగోలేనిదేదో అదొక్కటే దొరకట్లేదు. అసలెప్పుడు మొరాయిస్తోందిది?"

కోడలు ఆలోచించింది. ఆవిడకి అప్పుడే తట్టింది.

"మబ్బు పట్టిన రోజున."

మెకానిక్ మొహం వెలిగింది. "అలా చెప్పండి. తేమ. వైర్లు పాతబడి తేమ పీలుస్తున్నాయి."

"అదే, తేమే," అన్నారు మామగారు. జన్మంతా బస్సు నడిపి, ఎక్కడా చిన్న గీత పడనివ్వని మనిషి. బండి విషయంలో ఇంకొకరి మాట ఒప్పుకోవడం అదే మొదలు.

కొత్త వైర్లు పడ్డాయి. అయినా ఇబ్బంది పెడితే జుట్టారబెట్టుకునే మిషన్‌తో వైర్లకి వేడిగాలి కొట్టమని చెప్పి మెకానిక్ వెళ్ళాడు.

"ఇంకోసారి ఆగిందంటే అమ్మేద్దాం. నువ్వూ మానేద్దువుగాని," అన్నాడు భర్త. రెండూ ఒకే బండి అయినట్టు.

ఎండ కాసినన్నాళ్ళూ కారు పలికింది. పిల్ల బడికి, కోడలు ఆఫీసుకి వేళకి వెళ్ళారు. తర్వాత ఒక రోజు, తెల్లారింది గాని వెలుగు రాలేదు. కారు గరగరమంది.

కోడలు మసి అంటకుండా చీర మీద భర్త పాత చొక్కా తొడుక్కుంది. షెడ్డులోకి కరెంటు తీగ లాగింది. తన తడి జుట్టు ముడేసుకుని, కారుకి తలారబెట్టడం మొదలెట్టింది.

మంచినీళ్ళు తాగడానికి లోపలికెళ్ళిన మామగారు తిరిగొచ్చి షెడ్డు దగ్గర నిలబడ్డారు.

"ఏరా, నువ్వింకా ఆఫీసుకి వెళ్ళలేదా?"

చొక్కా చూసి ఎత్తిపొడుస్తున్నారనుకుంది కోడలు. నవ్వే ఓపిక లేదు.

"నేనే మామయ్యగారూ. మీ అబ్బాయి ఎప్పుడో వెళ్ళారు."

ఆయన ఇంకాస్త దగ్గరికొచ్చి, కళ్ళు చికిలించి చూశారు.

"వదిలెయ్యమ్మా. ఇవాళ అది కదలదు. పిల్లకి ఆటో పిలువు. నువ్వు ఆలస్యం చేసుకోకు."

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగారు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నారు.

"అలా తుడిస్తే గీతలు పడతాయి. ఇలా ఇవ్వండి."

ముందు సీటు మీద ఆయన కళ్ళజోడు పెట్టె ఉంది. కోడలు గుడ్డ కోసం అందుకుంది.

"వద్దులేమ్మా," అన్నారాయన.

అప్పటికే ఆవిడ తెరిచింది.

మెత్తటి గుడ్డ మడతలో, మెకానిక్ ప్రతిసారీ వెలుగులోకి ఎత్తి చూసిన ఫ్యూజు భేషుగ్గా ఉంది.