తొడుగు తీసిన పూట

ఈ చేతి తొడుగు కనిపెట్టినవాణ్ణి తిట్టని రోజు లేదు. చూపూ వినికిడీ లేని పిల్లలందరికీ ఇప్పుడదే దిక్కు. ఆకలి వేయకముందే పసిగట్టి వంటింట్లోని మరమనిషికి కబురు పంపుతుంది. పెరుగన్నం ముద్ద నోటికొచ్చేస్తుంది. ఇక నా శిష్యురాలు నీలవేణికి మాటలతో ఏం పని? 'అన్నం', 'రా', 'పో' అని నెలల తరబడి దాని అరచేతిలో దిద్దుతున్నాను. ఉలుకూ పలుకూ లేదు.

ఇవాళ విసుగొచ్చి తొడుగు లాగేశాను. నీలవేణి రక్కింది, కొరికింది, గిన్నె విసిరికొట్టింది.

"తొడిగెయ్యండి టీచరు గారూ, ఏడుస్తోందండీ!" అంది వాళ్లమ్మ సరోజ.

"ఏడవనివ్వమ్మా! అడిగే అవసరమే లేకపోతే మాటెలా వస్తుంది?"

అంతలో నీలవేణి నా చెయ్యి గుంజుకుని, అరచేతిలో గోటితో గట్టిగా గీసింది.

"ఏం రాసిందండీ?"

"నన్ను పొమ్మంది" అన్నాను, దాని పక్కకి ఇంకాస్త జరిగి కూర్చుంటూ.