నాలుగో నంబరు సబ్బు

అక్క ఒకటో నంబరు సబ్బు అంచుకు నాలుక కొన ఆనించి కళ్ళు మూసుకుంది. కొట్టు యజమాని ఊపిరి బిగబట్టి ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"ఫరవాలేదు. సోడా మిగల్లేదు," అని ఆమె నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసింది.

ఇళ్ళలో సబ్బులు చేసే నలుగురు పోటీకి పంపినవి బల్ల మీద వరసగా ఉన్నాయి. పేర్లు లేవు, కాగితం ముక్కల మీద అంకెలే. కాస్టిక్ సోడా నూనెతో పూర్తిగా కలవక మిగిలిపోతే సబ్బు నాలుక మీద కరెంటు తగిలినట్టు చురుక్కుమంటుంది. అలాంటి సబ్బు చర్మాన్ని కాలుస్తుంది. నిరుడు ఇంకెవరో చూసి బాగుందన్న సబ్బుతో ఒక పసిబిడ్డ బుగ్గ పొక్కిపోయి, కొట్టు మూతపడేదాకా వచ్చింది. అప్పటినుంచి అక్క నాలుక దాటకుండా ఏ సబ్బూ లోపలికి రావడం లేదు.

ఆమె చేతులు తడిపి సబ్బు రుద్దుకుని వాసన చూసింది. "పుదీనా మరీ ఎక్కువేసింది. స్నానం చేసినట్టుండదు, పుదీనా మడిలో పొర్లినట్టుంటుంది."

రెండోది నిమ్మాకు సబ్బు. దాని నురగ చిక్కగా ఉంది. కడుక్కున్నాక కూడా వాసన వేళ్ళ సందుల్లో సన్నగా నిలిచింది. "ఇది కుదిరింది," అంది.

మూడోది బొగ్గుపొడి కలిపింది. "ఒళ్ళు తెల్లబడి ఏం లాభం, తువ్వాలు నల్లబడితే?"

యజమాని నవ్వాడు. ఆమె మాత్రం నాలుగోదాని మీద చెయ్యి వేసి ఆగింది.

"ఇది మా చెల్లిది. అంకె వేసి దాచినా మా ఇంటి అచ్చు నాకు తెలియదా? ముందే చెప్పేస్తున్నాను. కావాలంటే ఇంకొకరి చేత చూపించుకోండి."

"మీ మాట మీద నమ్మకం లేకపోతే మిమ్మల్నెందుకు పిలుస్తానమ్మా? చూడండి. గెలిచినవాళ్ళకి నగరంలో కొత్త కొట్టు వెనక పనిగది, మేడమీద రెండు గదులు. మీ మరిదిగారు బస్సు నడిపేది అక్కడే కదూ?"

"అక్కడే. నాలుగేళ్ళ నుంచి నెలకో పూట చూసుకుంటున్నారు మొగుడూ పెళ్ళాలు. పాపకి నాన్నంటే చుట్టపుచూపుగా వచ్చే మనిషే."

పాలు పోసి చేసిన సబ్బు అది. వాసన ఉండీ లేనట్టుంది. చేతుల్లో వెన్నలా జారింది. అక్క ఆ నురగని చాలాసేపటిదాకా కడుక్కోలేదు. తర్వాత నాలుకకు ఆనించింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. మళ్ళీ ఆనించి, గబుక్కున నీళ్ళ గ్లాసు అందుకుంది.

"చురుక్కుమంటోంది."

యజమాని తనూ నాకి చూశాడు. "నాకేమీ తెలియడం లేదే?"

"రోజుకి ఇరవై టీలు తాగే నాలుక మీది. నిప్పు పెట్టినా తెలియదు."

"ఇంకో నెల ఆరబెడితే?"

"కొత్త కొట్టు నెల ఆగుతుందా?"

"ఆగదు. సోమవారానికల్లా మనిషి అక్కడుండాలి."

"అయితే రెండో నంబరు రాసుకోండి."

అతను రాసుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "తోడబుట్టినదాన్ని కూడా వదల్లేదు. మీలాంటి మనిషిని ఎక్కడా చూడలేదమ్మా."

"పసిపిల్లల ఒంటి మీద పడే వస్తువు బాబూ. చుట్టరికాలు చూస్తే ఎలా?" పొరపాటున కూడా ఎవరూ వాడకూడదని నాలుగో నంబరు సబ్బుని ఆమె తన సంచిలో వేసుకుంది.

ఇంటి దగ్గర చెల్లెలు అప్పటికే సగం సామాను మూటలు కట్టింది. అక్క మొహం చూడగానే చేతిలో తాడు వదిలేసింది.

"చెప్పక్కా."

"సోడా మిగిలిందే."

"ఎలా మిగులుతుంది? రెండుసార్లు తూచాను. ఆరు వారాలు ఆరబెట్టాను. నిన్న నేనే నాలుక మీద పెట్టుకుంటే ఏమీ అనిపించలేదు!"

"నువ్వు చేసింది నీకు తియ్యగానే ఉంటుంది."

చెల్లెలు మూట మీద కూలబడింది. "ఈ ఒక్కసారికీ బాగుందనేస్తే ఏం పోయేదక్కా?"

"అనొచ్చు. రేపు ఎవరి బిడ్డ మొహమో పొక్కితే?"

చెల్లెలు వీధిలో ఆడుకుంటున్న కూతురి వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"వద్దులే. అంత పాపం నేను మొయ్యలేను. ఆయనకి మాత్రం ఏమని చెప్పను? పోయిన నెలే అన్నాడు, ఇదే ఆఖరుసారి, ఇంక రమ్మని అడగనని."

"కోపంలో అన్న మాట అది."

"నీకు తెలియదక్కా ఆయన సంగతి." ఆమె తన చేతుల వైపు చూసుకుంది. సోడా నీళ్ళకి వేళ్ళన్నీ పగిలిపోయి ఉన్నాయి. "ఇంక సబ్బులు చెయ్యను. నా చెయ్యి మంచిది కాదు. అమ్మ పోయినప్పటినుంచీ నువ్వే పెంచావు, నువ్వు చెడు చెప్తావా నాకు?"

చెల్లెలు ఎనభై సబ్బుల్నీ బుట్టలోకి ఎత్తింది. ఎవరైనా తీసుకుపోయి వాడతారేమోనని పెరట్లో పాతిపెట్టడానికి గునపం పట్టుకుని వెళ్ళింది. కాసేపటికి మట్టి తవ్వుతున్న చప్పుడు మొదలైంది.

ఒళ్ళంతా బురదతో పాప పరిగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, మేం బస్సెక్కట్లేదా?"

"లేదమ్మా."

"మరి రోజూ నీ పక్కనే పడుకోవచ్చా?"

"రోజూనూ. ముందు ఇలా రా, మొహం చూడు ఎలా ఉందో."

అక్క పాపని కుళాయి దగ్గర కూర్చోబెట్టి, బుగ్గల మీద బురదని నీళ్ళతో మెత్తగా నానబెట్టింది. పెరట్లో గునపం ఆగి ఆగి పడుతోంది.

"కళ్ళు మూసుకో బంగారం."

సంచిలోంచి నాలుగో నంబరు సబ్బు తీసి పాప మొహమంతా రుద్దింది.