వంశీ వాళ్ల నాయన

“వంశీ వాళ్ల నాయనా, ఇంక సాలు! రాప్పా ఈడికి!”

ఎండిన వంకలోకి దిగి మహాదేవమ్మ అరిచింది. పత్తికొండ దిక్కున ఎర్రటి దుమ్ము నేల నుంచి మబ్బుదాకా లేచి గిరగిరా తిరుగుతోంది. సుడిగాలి ఆమెకు కొత్త కాదు. ఎండాకాలం బీడు నేలలో చిన్నవి లేస్తే తూ తూ అని ఉమ్మేసి తన పని తాను చూసుకునేది. ఇది మాత్రం టమోటా చెట్లకు కట్టిన కర్రలను పీకి పైకి విసురుతూ వస్తోంది.

“దూడను విప్పొస్తా. నువ్వు తల ఎత్తొద్దు వంశీ వాళ్లమ్మా!” పుల్లయ్య రేకుల కొట్టం వైపు పరుగుతీశాడు.

“మొండోడా! వంశీ కూడా అచ్చం నీ మాదిరే!”

“నోరు మాత్రం నీదేలే!”

దూడ బయటికి దూకింది. ఆయన రాలేదు.

చప్పుడుకు చెవులు మూసుకుపోయాయి. మహాదేవమ్మ గట్టున ఉన్న వేర్లు పట్టుకుని బోర్లా పడుకుంది. నోటినిండా మన్ను. వీపు మీది చీరను ఎవరో లాగుతున్నట్టుంది. తర్వాత అంతా ఒక్కసారిగా ఆగిపోయింది.

తల ఎత్తి చూస్తే కొట్టం లేదు.

“వంశీ వాళ్ల నాయనా!”

రోడ్డు మీద టమోటా బండి ఆపి, డ్రైవర్ అరుణ్ కుమార్ పరుగెత్తుకొచ్చాడు. కూలిన గోడ మీద వంకర్లు పోయిన రేకులు, వాటి మీద దూలం.

“పేరు చెప్పవ్వా, పిలుస్తా. పలికితే యాడుండాడో తెలుస్తాది.”

“మొగుని పేరు ఎట్ల చెప్పేదప్పా? వంశీ వాళ్ల నాయనా అను. పలుకుతాడు.”

అతను పిలిచాడు. జవాబు లేదు. ఇద్దరూ రాళ్లు లాగసాగారు. ఆమె గోళ్లు చీలి నెత్తురు కారుతోంది.

“మీ వంశీకి ఫోన్ చెయ్యి. ఒక్కనితో అయ్యే పని కాదు.”

ఆమె విననట్టే ఇంకో రాయి పట్టుకుంది.

“నాయన రాళ్ల కింద ఉంటే రానోడు ఏం కొడుకవ్వా?”

“నా కొడుకును ఏమీ అనాకు!” మహాదేవమ్మ కసిరింది. “వాని తప్పేం లేదు.”

“సరే, నువ్వే పిలువు. ఆపాకు.”

పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. ఆఖరికి రేకుల అడుగున ఎవరో దగ్గారు.

“వంశీ వాళ్లమ్మా... దూడ బతికిందా?”

“నీ దూడ పాడుగాను!” అంటూ ఆమె బోరుమని ఏడ్చింది.

పక్కచేను నాగలత నీళ్ల బిందెతో వచ్చేసరికి పుల్లయ్యను బయటికి లాగారు. కాలు విరిగింది, ప్రాణం నిలిచింది. మహాదేవమ్మ ఆయన చెయ్యి వదలడం లేదు. అరుణ్ కుమార్ ఫోన్ తీశాడు.

“తాతా, వంశీ నెంబరు చెప్పు. వాన్ని నేను అడుగుతా.”

పుల్లయ్య భార్య మొహం చూసి, మెల్లగా నవ్వాడు. “ఎందుకప్పా తిట్టేది? శానా మంచోడు. ఇంతవరకు మాకు ఒక్క మాట ఎదురు చెప్పలా.”

అరుణ్ కుమార్‌కు ఒళ్లు మండింది. నాగలత అతని చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి లాక్కుపోయింది.

“అన్నా, ఇంక వాళ్ల ముందర వంశీ మాట ఎత్తొద్దు.”

“యాలమ్మా? అట్లాంటి కొడుకును వెనకేసుకొస్తావా?”

“వంశీ అనేది కొడుకు పుడితే పెడదామనుకున్న పేరు. వాళ్లకు పిల్లలు పుట్టలేదన్నా.”