పాత నంబరు

ఆదివారం నుంచి బాలరాజ్ భార్యతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

తప్పు తనదేనని స్వరూపకు తెలుసు. అప్‌డేట్ చెయ్యమని ల్యాప్‌టాప్ అదేపనిగా అడుగుతుంటే విసిగిపోయి నొక్కేసింది. విండోస్ కొత్తదయింది. బాలరాజ్ రోజూ వాడుకునే ప్రోగ్రాం మాత్రం ఆ తర్వాత తెరుచుకోలేదు. అతను నాలుగైదుసార్లు నొక్కి చూశాడు. మూత వేసేసి, ఇంటి ముందుగదిలోని పాల దుకాణంలోకి వెళ్లి కూర్చున్నాడు.

అప్పటి నుంచి ఏం కావాలన్నా చీటీ మీద రాసి చూపిస్తున్నాడు. చాయ్. చిల్లర. తాళంచెవి.

“ఇంకా మాట్లాడుతలేడా?” అని అడిగింది పక్కింటి కాశమ్మ.

“లేదు పిన్నీ.”

“గిట్ల ఎన్ని దినాలే?”

కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడేలా ఉంది ఇల్లు.

ఆ ఉదయం అతను పాలు పోస్తుండగా, స్వరూప ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని చెప్పకుండా బయల్దేరింది. చెప్పి వెళ్లాక పని కాకపోతే, తిరిగొచ్చి ఆ ముఖం చూడలేననుకుంది. గౌలిపుర నుంచి ఆటోలో యాకుత్‌పురా స్టేషన్ దగ్గర దిగి, సాగర్ రిపేరు షాపు మెట్లెక్కింది.

“అప్‌డేట్ జేసినప్పటిసంది ఆయన మాట్లాడుతలేడు భాయ్,” అంది. సాగర్ చూసి పెదవి విరిచాడు.

“ఈ ప్రోగ్రాం చేసిన కంపెనీ మూతబడ్డది భాభీ. కొత్తది దొరకది. మొత్తం తుడిచి పాత విండోస్ ఎక్కించాలె.”

“మరి లోపల ఉన్నయి?”

“పోతయ్. కాపీ తీద్దామన్నా ఈ ప్రోగ్రాం తెరుచుకుంటెనే వస్తయ్. మల్ల చేసుకోరాదా?”

“రాదు భాయ్,” అంది. “గవి మల్ల చేసుకునేటియి గావు.”

ఆమె గొంతు విని సాగర్ తలెత్తి చూశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“ఒక్క ఉపాయముంది. ఇది తెరుచుకునేముందు విండోస్ ఎన్నో నంబరుదో అడుగుతది. కొత్త నంబరు జూసి బెదురుతది. దీనికొక్కదానికి పాత నంబరు చెప్పిద్దాం. విండోస్ కొత్తదే ఉంటది, దీనికి మాత్రం పాతదే అనిపిస్తది.”

“అబద్ధమని పట్టుకోదా?”

“జూద్దాం.”

మొదటిసారి తెర తెల్లబడి ఆరిపోయింది. స్వరూప సంచిని ఒళ్లోకి అదుముకుంది. సాగర్ ఇంకా వెనకటి నంబరు పెట్టాడు.

“ఒక్క అప్‌డేట్‌కు గంత కోపమా సార్‌కు?” అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

స్వరూప తెర దగ్గరికి వంగింది.

ఈసారి తెరుచుకుంది. సాగర్ నొక్కి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు భాయ్. ముందుగాల ఆయననే ముట్టనీ.”

ఇంటికొచ్చి, గిరాకీ తగ్గేదాకా ఆగింది. పాల క్యాన్లు పక్కకు జరిపి ల్యాప్‌టాప్‌ను అతని ముందు పెట్టింది. మూత తెరిచింది. ఇక్కడ మళ్లీ మొరాయిస్తే? బాలరాజ్ తెరవైపు చూశాడు. ఆమెవైపు చూశాడు. ఒక్క వేలితో మెల్లగా ఏదో టైపు చేశాడు.

క్యాన్సర్ వచ్చి డాక్టర్లు స్వరపేటిక తీసేయకముందు అతను రికార్డు చేసి దాచుకున్న గొంతు, టైపు చేసిన మాటలనే పలుకుతూ, ల్యాప్‌టాప్‌లోంచి గల్లీదాకా వినిపించింది: “పొద్దటిసంది ఏడికి వోయినవే, స్వరూపా?”