తెనాలి చిరునామా

తలుపు దబదబా మోగింది.

ఉమాపతి గొళ్ళెం తీయలేదు సరికదా, గడియ కూడా బిగించాడు. యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు దంచే మనిషే! కానీ ఆ అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో తార్నాకలో కాపురమున్న ఆంధ్రావాళ్ళకి వాకిట్లో చప్పుడైతే చాలు, గుండె జారేది.

"ఎవరూ?"

"నా పేరు రాజలింగం సార్. మీ ఇంట్ల నెలలు నిండిన అమ్మ ఉన్నదా?"

వీడికెలా తెలుసు?

కిటికీ సందులోంచి చూశాడు. చొక్కాకి నల్ల బ్యాడ్జీ. చంకలో పెద్ద కవరు. మొన్న ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద "ఆంధ్రా గో బ్యాక్" అని గొంతు చించుకున్న మనిషే. అనుమానం లేదు.

"ఏం పని?"

"తలుపు తీయుండ్రి, చెప్త. వాకిట్ల నిలబడి చెప్పే ముచ్చట కాదు. ఆమెను ఇయ్యాల్నే దవాఖానకు తీస్కపోవాలె."

"తీసుకుపోతాట్ట!" తల్లి శ్యామలాంబ ఉమాపతి రెక్క పట్టుకుంది. "ఆసుపత్రివాళ్ళు నల్ల బ్యాడ్జీలు పెట్టుకొస్తారుట్రా? తలుపు తీశావంటే నా మీద ఒట్టే."

లోపలి గదిలో ఉమాపతి భార్య కమలాదేవి పడుకుని ఉంది. ఆ కడుపు చూసి, కవలలేమోనని లేడీ డాక్టరు ఎక్స్‌రే తీయించింది. ఈ బందులూ కర్ఫ్యూల్లో దాని సంగతి కనుక్కోడానికి ఉమాపతి వెళ్ళనే లేదు. కవలలు కాక మరేమిటని శ్యామలాంబ రెండు టోపీలు కుట్టి కూర్చుంది.

పిరికితనానికి తెలివి తోడైతే ఇక చెప్పాలా!

"ఆవిడ లేదు," అన్నాడు ఉమాపతి. "పుట్టింటికి పంపేశాం. మీరేగా పొమ్మన్నారు!"

"ఈ నెలల రైలెక్కించిన్రా? అయ్యో, ఎంత పని చేసిన్రు సార్!" బయటి గొంతు మారిపోయింది. "ఏ ఊరు?"

"తెనాలి. గంగానమ్మపేట. సుబ్బరాయుడుగారిల్లు."

అబద్ధాలు అలవాటు లేక, మామగారి అసలు చిరునామాయే చెప్పేశాడు.

"జెర మంచినీళ్ళిస్తరా సార్? బస్సుల్లేవు. నడిచొచ్చిన."

శ్యామలాంబ వద్దని తల ఊపింది. ఉమాపతి కదల్లేదు.

చెప్పుల చప్పుడు దూరమైంది.

"ఎవరండీ?" కమల పిలిచింది.

"ఎవరో. దారి తప్పాడు."

"పాపం, దాహమన్నాడుగా. గ్లాసుడు నీళ్ళకి ఏం పోయింది?"

ఆ పూట ఉమాపతికి అన్నం సయించలేదు.

తెల్లారేసరికి కమలకి నొప్పులొచ్చాయి. కాళ్ళావేళ్ళా పడితే ఒక రిక్షావాడు, ఎక్స్‌రే తీసిన దవాఖానకే చేర్చాడు.

మధ్యాహ్నం దాటినా కాన్పు కాలేదు. నర్సు కాశమ్మ చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"బిడ్డ తల శానా పెద్దగున్నది. దిగుతలేదు. ఆపరేషన్ చేయకుంటే తల్లి గూడ దక్కది."

"చేయండమ్మా! మీ కాళ్ళు పట్టుకుంటా."

"చేసే డాక్టరుండాలె గద సార్? కర్ఫ్యూల ఎవ్వరు రాలే. కబురు పెట్టినం. ఉన్న ఒక్క సారేమో ఊర్ల లేడు."

"డ్యూటీ వదిలేసి ఊరెళ్తాడా?" ఉమాపతి అరిచాడు. "ప్రాణాలంటే లెక్కలేదా ఆ మనిషికి?"

కాశమ్మకి కోపమొచ్చింది.

"నోరు మంచిగుంచుకో సార్! ఎవరో గర్భిణి ఎక్స్‌రేల, బిడ్డ తలకు నీరు పట్టినట్టు కనబడ్డది. నొప్పులు రాకముందే ఆమెను ఎట్లనన్న పట్టుకోవాలని, ఇప్పుడు ఆ దిక్కు పోతే తంతరు సారూ అని మేమంత మొత్తుకున్నా ఇనకుండ, నిన్న తెనాలి బండెక్కిండు మా రాజలింగం డాక్టరు."